మూడు రూపాయల వడ్డీ అప్పు ఉండగా చిట్టీ కట్టుకుంటూ పోవాలా, పాడేసి తీర్చాలా?

పద్దుపుస్తకం:
అప్పుల్లో ఉన్న ఇళ్లలో తరచూ ఎదురయ్యే లెక్కను నమూనాగా పెడుతున్నాను. ఖమ్మం లాంటి టౌను, ఇద్దరు పిల్లలు. భర్త ఎలక్ట్రీషియన్, నెలకు 28,000. భార్య టైలరింగ్, 14,000. మొత్తం 42,000.

ఇంటి ఖర్చు 22,000: అద్దె 7,000, సరుకులు 6,500, పాలు, కూరగాయలు 4,000, గ్యాసు, కరెంటు, ఫోన్లు 2,300, పెట్రోలు 2,200.

ఇక అప్పులు. నోటు రాసి తెచ్చింది 1,50,000, నూటికి 3 రూపాయలు, అంటే నెలకు 4,500 వడ్డీకే పోతుంది. క్రెడిట్ కార్డు బాకీ 80,000, కడుతున్నది మినిమం 4,000 మాత్రమే. డ్వాక్రా వాయిదా 3,000. బ్యాంకులో 32 గ్రాముల బంగారం మీద 1,20,000, సుమారు 9.5 శాతం, నెలకు 950. బండి వాయిదా 3,400, ఇంకా 8 నెలలుంది. వీటికి తోడు 3 లక్షల చిట్టీ, 30 నెలలది. 14 వాయిదాలు అయ్యాయి, ఇంకా ఎత్తలేదు. డివిడెండ్ (ఎత్తినవాళ్లు పాటలో వదులుకున్నదాంట్లో కమిషన్ పోను అందరికీ వచ్చే వాటా) పోను నెలకు 9,000 కడుతున్నారు.

మొత్తం కలిపితే 46,850. ప్రతి నెలా 4,850 లోటు, అది కార్డు మీదే పడుతోంది. పొదుపు పోతుందని చిట్టీ ముట్టుకోవడం లేదు. పాడాలంటాను నేను. మీరేమంటారు?

గోదారిగట్టు:
నేను ఒప్పుకోను. ఆ ఇంట్లో మిగిలిన పొదుపు ఆ చిట్టీ ఒక్కటే. అవసరంలో ఉన్నవాడు పాటకు కూర్చుంటే మిగతావాళ్లు పసిగట్టి పాట పెంచేస్తారు. ఎత్తిన డబ్బు వారంలో ఆవిరైపోతుంది, వాయిదాలు మాత్రం ఇంకా 15 నెలలు ఉంటాయి. పైగా కార్డు ఖాళీ అయితే లిమిటంతా మళ్లీ చేతికొచ్చినట్టే. ఆర్నెల్లలో అదే 80,000 మళ్లీ కనిపించే ఇళ్లు ఎన్ని లేవు? ముందు ఖర్చు తగ్గించాలి.

లెక్కలపలక:
గోదారిగట్టు గారూ, 22,000లో ఎంత తగ్గిస్తారు? అద్దె కదలదు. సరుకుల్లో వెయ్యి, పెట్రోల్లో ఐదొందలు తగ్గించినా లోటు 3,350 అలాగే ఉంటుంది. ఈ ఇంటిని తినేస్తున్నది వడ్డీ, వంటిల్లు కాదు.

కార్డు సంగతి చూడండి. నెలకు 3.5 శాతం అనుకుంటే 80,000 మీద 2,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 504. మొత్తం 3,304. మినిమం 4,000 కడితే అసలు తగ్గేది 696 రూపాయలే. అదే నెలలో 4,850 కొత్తగా గీకుతున్నారు. అంటే బాకీ నెలకు 4,154 చొప్పున పెరుగుతోంది. బాకీ తిప్పుతున్నంత కాలం కొత్తగా కొన్నదానికి వడ్డీలేని గడువు కూడా ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ.

ఇప్పుడు చిట్టీ. 15వ నెల పాట 45,000కు పోయిందనుకుందాం, అంటే 3 లక్షల్లో అంత వదులుకుని ఎత్తినట్టు. చేతికొచ్చేది 2,55,000. చివరిదాకా ఆగితే చిట్టీ కంపెనీ 5 శాతం కమిషన్ పోను 2,85,000. తేడా 30,000, 15 నెలలకు. నెలకు నూటికి 78 పైసలు పడుతుంది. దాంతో తీరేవేమో 3 రూపాయల నోటు, జీఎస్టీతో 4 రూపాయలు దాటే కార్డు. 15 నెలల్లో నోటు వడ్డీ 67,500 మిగులుతుంది, కార్డు వడ్డీ సుమారు 49,500. 30,000 వదులుకుని లక్షా పదిహేడు వేలు ఆపుతున్నారు.

పాట పెంచేస్తారన్న భయం నిజమే. హద్దు ముందే రాసుకుని వెళ్లాలి. 60,000కు పోతే చేతికి 2,40,000, ఖరీదు రూపాయి పావలా. అప్పటికీ లాభమే. 75,000కు పోతే 2,25,000, రెండు అప్పులూ తీరడానికి 5,000 తక్కువ. అక్కడ ఆగాలి. ఇంకొకటి: పాటను ఒక నెల వెనక్కి జరిపితే నోటు, కార్డు రెండిటి వడ్డీ 7,804. కాబట్టి వచ్చే నెల పాట కనీసం అంత తగ్గుతుందన్న నమ్మకం లేకపోతే ఆగడం దండగ.

షూరిటీసంతకం:
పాట పాడటం తేలిక. డబ్బు చేతికి రావడం దగ్గరే అందరూ ఇరుక్కుంటారు. ఇంకా కట్టాల్సింది 15 వాయిదాలు, అంటే లక్షన్నర బాధ్యత. దానికి కంపెనీ జీతగాళ్ల షూరిటీ అడుగుతుంది, ఒక్కోచోట ఇద్దరిని, ఒక్కోచోట ముగ్గురిని. శాలరీ సర్టిఫికెట్లు, పే స్లిప్పులు, సంతకాలు, వెరిఫికేషన్. ఎలక్ట్రీషియన్‌కు ప్రభుత్వోద్యోగి షూరిటీ దొరకడం ఎంత కష్టమో ఆ పనిలో తిరిగినవాళ్లకే తెలుసు. అందుకే పాటకు ముందే షూరిటీలను ఖాయం చేసుకోవాలి. పాడాక వెతికితే కంపెనీ దగ్గర డబ్బు ఆగిపోతుంది, ఇటు వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

చిట్టీ రిజిస్టరైందా లేదా కూడా చూడాలి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టర్ చేసినదైతే కమిషన్‌కు హద్దుంది. ఒకప్పుడు 5 శాతం, 2019 సవరణతో 7 వరకు. వీధిలో నోటిమాట మీద నడిచే చిట్టీల్లో కొన్నిచోట్ల ఎత్తినవాళ్లకు డివిడెండ్ ఇవ్వరు. అలాంటిదైతే వాయిదా 9,000 కాదు, నిండా 10,000. లెక్కలపలక గారి లెక్క ఆ మేరకు మారుతుంది.

గోదారిగట్టు:
షూరిటీ మాటే నేనూ అనబోయాను. అందుకే బంగారం దారి మేలంటున్నాను. ఆ 32 గ్రాముల తాకట్టు పాత ధర మీద రాసింది. ఇప్పటి ధరకు తిరగరాయిస్తే ఇంకో 80,000 వస్తుంది, అదీ ఒక పూటలో. 9.5 శాతం అంటే నెలకు 79 పైసలు, చిట్టీ ఖరీదుకు సరిసమానం. షూరిటీ అక్కర్లేదు, ఎప్పుడు డబ్బుంటే అప్పుడు కొంత కట్టొచ్చు. చిట్టీ నిండాక వచ్చే 2,85,000తో నగ విడిపించుకోవచ్చు.

లెక్కలపలక:
కార్డుకు ఇది మంచి మార్గమే, కాదనను. కానీ నెల లెక్క వేయండి. 46,850లో కార్డు 4,000 పోయి బంగారం వడ్డీ 633 కలుస్తుంది: 43,483. ఆదాయం 42,000. ఇంకా 1,483 లోటు. నోటు అప్పు తీరందే ఇల్లు గట్టెక్కదు. చిట్టీ పాడితే నోటు, కార్డు రెండూ తీరి 8,500 తగ్గి 38,350 అవుతుంది, నెలకు 3,650 మిగులు, చేతిలో 25,000.

జూన్‌నెల:
మీ అందరి లెక్కల్లో జూన్ లేదు. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు 36,000, పుస్తకాలు, యూనిఫారాలు 8,000, దసరా, సంక్రాంతికి 12,000, బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 4,000. ఏడాదికి 60,000, నెలకు 5,000. మీ మిగులు 3,650. నెలకు 1,350 తక్కువ! నెలవారీ బడ్జెట్ రాసుకున్న ఇళ్లు సరిగ్గా ఇక్కడే పడిపోతాయి. పది నెలలు బాగానే నడుస్తుంది, జూన్‌లో మళ్లీ నోటు రాస్తారు.

పద్దుపుస్తకం:
జూన్‌నెల గారు చెప్పింది అసలు విషయం. నేను వదిలేసింది కూడా అదే. అయితే బండి వాయిదా 8 నెలల్లో అయిపోతుంది, అప్పటి నుంచి 3,400 కలిసొస్తుంది. ఈలోగా తక్కువ పడేది 8 × 1,350 = 10,800. చేతిలో మిగిలే 25,000 దానికి చాలుతుంది. అందుకే ఆ 25,000తో బండి అప్పు ముందే కట్టేయకూడదు. చివరి నెలల వాయిదాల్లో వడ్డీ ఎలాగూ కొంచెమే, పైగా ముందుగా కడితే ఛార్జీలు వేసేవాళ్లున్నారు. ఫీజుల డబ్బు వేరే ఖాతాలో పెట్టి, జీతం పడిన రోజే అందులోకి 5,000 పంపాలి. ఒక జాగ్రత్త: చిట్టీ చివరికొచ్చే కొద్దీ పాట తగ్గుతుంది, డివిడెండ్ తగ్గుతుంది, వాయిదా 10,000 దాకా వెళ్తుంది. దానికీ చోటు ఉంచాలి.

కౌంటర్‌నెంబర్4:
తీర్చే పద్ధతి గురించి. నోటు అప్పు బ్యాంకు ద్వారానే కట్టండి. 20,000, ఆపైన అప్పును నగదుగా తిరిగివ్వడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, రేపు తగాదా వస్తే రుజువూ ఉండదు. అసలు నోటు వెనుక పూర్తి చెల్లు రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించి ఆ కాగితాన్నే వెనక్కి తీసుకోవాలి. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవీ. "నోటు బీరువాలో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తా" అంటే డబ్బు పంపకండి. ఒకేసారి తీరుస్తున్నారు గనుక ఆ నెల వడ్డీ వదలమని అడగండి, చాలామంది వదులుతారు.

కార్డు విషయంలో స్టేట్‌మెంట్ మొత్తం కట్టినా మరుసటి నెల కొంత వడ్డీ వస్తుంది. స్టేట్‌మెంట్ తేదీ నుంచి కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ అది. అదీ కట్టాకే క్లోజ్ చేయమని రాయండి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూసేయాలన్నది ఆర్‌బీఐ నిబంధన, ఆలస్యమైతే రోజుకు 500 ఇవ్వాలి. "సెటిల్‌మెంట్" అని తగ్గించి కట్టకండి, సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రికార్డులో, ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. గోదారిగట్టు గారి భయానికి కార్డు మూసేయడమే మందు.

డ్వాక్రా వాయిదా మాత్రం ఒక్క నెలా తప్పకూడదు. వడ్డీ రాయితీ సకాలంలో కట్టినవాళ్లకే. ఒకరు ఆపితే సంఘం మొత్తానికి దెబ్బ.

గోదారిగట్టు:
కార్డు మూసేస్తారంటే పాటకు నేనూ సరే. కానీ షూరిటీలు దొరికేదాకా ఊరికే కూర్చోవద్దు. ముందు బంగారం తిరగరాయించి కార్డు తీర్చండి, చిట్టీ డబ్బు రాగానే ఆ 80,000 తిరిగి కట్టేయండి. నెల రోజులు ఆలస్యమైనా 3,304 బదులు 633తో పోతుంది.

షూరిటీసంతకం:
ఆ వరస బాగుంది. తిరగరాయించేటప్పుడు బంగారం విలువ కట్టే అప్రైజర్ ఛార్జీ ఎంతో, గడువు తేదీ ఎప్పుడో అడిగి రాసుకోండి. ఏడాది గడువు దాటితే వేలం నోటీసు వస్తుంది. షూరిటీలకు కూడా ముందే చెప్పండి, మన వాయిదా తప్పితే కోత పడేది వాళ్ల జీతంలో అని.