పదో తరగతి దాటిన స్కౌట్లు ఎందుకు నిలవడం లేదు?

అనంతపురం స్కౌట్ మాస్టర్:
మా దళంలో తృతీయ సోపానం (స్కౌట్ శిక్షణలో ఒక మెట్టు) దాకా ఉత్సాహంగా వచ్చిన పిల్లలు, పదో తరగతి పరీక్షలు ముగియగానే స్కార్ఫు మడిచి బీరువాలో పెట్టేస్తున్నారు. ఆపైన 25 ఏళ్ల వరకు కొనసాగడానికి రోవర్ విభాగం ఉన్నా, అందులోకి వచ్చేవారు లేరు. మీ అనుభవాలు తెలుపగలరు.

కడప గైడ్ కెప్టెన్:
నా దృష్టిలో ఇది విసుగు కాదు సార్. స్కౌట్లదైనా, మా ఆడపిల్లల గైడ్లదైనా దళం బడిలో ఉంటుంది, మన బడి పదితోనే అయిపోతుంది. ఆ తరువాత ఇంటర్ కాలేజీలో చేరిన పిల్లకు రాత్రి స్టడీ అవర్ దాకా ఈఏపీసెట్ చదువే లోకం. ఒక కాలేజీవారిని ఆదివారం రెండు గంటలు అడిగితే, ర్యాంకు మీరు తెప్పిస్తారా అన్నారు. అందుకే బడితో నిమిత్తం లేని ఓపెన్ గ్రూపు పెట్టి, నెలకు రెండు ఆదివారాలు మాత్రమే కలుస్తున్నాము.

కర్నూలు రోవర్:
నేను ఇంటర్ మొదటి ఏడాదిలో మానేసి, మరుసటి ఏడాది తిరిగి వచ్చినవాణ్ణి. మేడం గారు చెప్పింది నిజమే కాని, ఎనిమిదిలో నేర్చిన రీఫ్ నాట్ అనే ముడినే మళ్లీ మళ్లీ కట్టిస్తే ఎవరు మాత్రం వస్తారు? నన్ను వెనక్కి తెచ్చింది గండికోట క్యాంపు. సరుకుల డబ్బు మా చేతికే ఇచ్చారు. మేము కందిపప్పు రెట్టింపు కొని ఉప్పు మరిచాము. ఆ రాతినేలలో గూటాలు దిగక, గుడారపు తాళ్లను బండరాళ్లకు క్లోవ్ హిచ్ ముడి వేసి కట్టాము. అర్ధరాత్రి గాలికి ఒక ముడి జారి గుడారం మా మీదే కూలింది. మాస్టర్ గారు టార్చి పట్టుకుని నిలబడ్డారే తప్ప ముడి మాత్రం ముట్టలేదు.

కడప గైడ్ కెప్టెన్:
గండికోట దగ్గర పెన్నా లోయ అంచున మాత్రం ఆ స్వేచ్ఛ కుదరదు నాయనా. హద్దులు పెద్దలు గీయాలి, అనుమతి పత్రాలు తల్లిదండ్రుల నుంచి ముందే తీసుకోవాలి. ఆడపిల్లల క్యాంపుకు మహిళా లీడర్ లేకపోతే నేను బయలుదేరను. అయితే వంట, లెక్కలు, చిన్న పిల్లలకు ముడులు నేర్పడం ఇంటర్ పిల్లలకే వదిలేయడంలో తప్పు లేదు.

అనంతపురం స్కౌట్ మాస్టర్:
సంక్రాంతి సెలవుల్లో గుత్తి కోటకు ఒక్కరోజు హైక్ పెడుతున్నాను. దారి, వంట, ఖర్చు పాత విద్యార్థులే చూసుకుంటారు. కోట మెట్ల దగ్గర హాజరు మాత్రం నేనే వేస్తాను. ఉప్పు సంగతి గుర్తు చేయను.