అప్‌డేట్: గరాజ్ సేల్‌లో దొరికిన ఆ కాగితాల సంగతి తేలింది

పోయిన నెల ఇక్కడ అరిజోనాలో ఒక గరాజ్ సేల్‌లో కొన్న పెట్టెలో కంప్యూటర్ ప్రింటవుట్ల కట్ట దొరికిందని, అంతా ‘ఎఫ్’, ‘డబ్ల్యూ’ పక్కన అంకెలే ఉన్నాయని, అవేమిటో చెప్పమని అడిగాను కదా. తేలింది! అది ‘స్టార్‌వెబ్’ అనే అంతరిక్ష వ్యూహాల ఆట. ఎఫ్ అంటే ఫ్లీట్, డబ్ల్యూ అంటే వరల్డ్. ఏ నౌకాదళం ఏ లోకానికి వెళ్లాలో కాగితం మీద రాసి పోస్టులో పంపితే, కంప్యూటర్ అందరి ఆదేశాలూ కలిపి లెక్కవేసి ఫలితాలు ప్రింటు తీసేది.

దీన్ని నడిపిన ఫ్లయింగ్ బఫెలో కంపెనీదీ అరిజోనానే. స్థాపించిన రిక్ లూమిస్ 2019లో పోయారు. ఒక్కో ఆటలో 15 మంది. సామ్రాజ్య నిర్మాత, వర్తకుడు, సముద్రపు దొంగలాంటి పైరేట్, మతప్రచారకుడు, ఇలా 6 రకాల పాత్రలు. పాయింట్లు వచ్చే దారి ఒక్కొక్కరికీ వేరు. అందుకే పొత్తులు కుదిరేవి, పక్కవాడి పాత్ర ఏమిటో ముందు పసిగట్టాలి.

నా కట్టలో అన్నిటికన్నా నచ్చింది అంకెలు కాదు. ఒక షీటు వెనకాల పెన్సిల్‌తో, ‘ఈ వారం అతన్ని నమ్ము’ అని ఉంది. ఎవరు రాశారో! ఆ కట్టను వరుసగా పేర్చి ఫైల్లో పెట్టాను.