ఇటలీలో సియెనా దగ్గర పొలం ఇంట్లో ఆరుగురం వారం ఉండాలి: ఏం చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
మే నెలాఖరులో వెళ్తున్నాం. అమ్మానాన్నలు శాకాహారులు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. పిల్లలకు ఎనిమిదేళ్ళు, ఐదేళ్ళు. సియెనా చుట్టుపక్కల అగ్రిటూరిస్మోలు (రైతులు తమ పొలంలోనే బస ఇచ్చే ఇళ్ళు) చూస్తుంటే ఫొటోలన్నీ ఒకేలా ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి?

జవాబు (పటమట, విజయవాడ)
ముందు అది నిజంగా పొలమేనా చూడండి. ఇటలీలో 2006 నాటి 96వ చట్టం ప్రకారం అగ్రిటూరిస్మోకి సేద్యమే ప్రధానం, బస అనుబంధం మాత్రమే. ఏం పండిస్తారు, మేలో పొలంలో ఏ పని జరుగుతుంది అని అడగండి. సేద్యం చేసేవాళ్ళు వెంటనే చెప్పేస్తారు. ప్రకటనలో సీఐఎన్ నంబరు (బస ఇచ్చే ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా ఉండాలి, 2025 నుంచి అది తప్పనిసరి.

అమ్మగారి కోసం "పియానో తెర్రా" కావాలని రాయండి, అంటే నేల అంతస్తు. "ప్రీమో పియానో" అంటే మెట్లెక్కాలి. పాత రాతి ఇళ్ళల్లో లిఫ్టు ఆశించకండి. బాత్రూములోకి గడప ఎత్తెంతో ఫొటో పంపమనండి.

గది కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి. పొయ్యి గ్యాసా, ఇండక్షనా అన్నది తేల్చుకోండి, ఇండక్షన్ మీద మన మామూలు అల్యూమినియం కుక్కరు పనిచేయదు. అక్కడ ఇళ్ళకు సాధారణంగా 3 కిలోవాట్ల కనెక్షనే. ఒవెన్, కెటిల్, గీజరు ఒకేసారి వేస్తే ట్రిప్ అయిపోతుంది. మీటరు ఎక్కడుందో చేరిన రోజే చూసుకోండి.

ఈతకొలను కొన్నిచోట్ల జూన్ దాకా తెరవరు. పిల్లలు ఆశ పెట్టుకునే ముందే తేదీ కనుక్కోండి.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు)
భోజనం సంగతి. రాత్రి వాళ్ళు పెట్టే భోజనంలో మెనూ ఒకటే ఉంటుంది, కాబట్టి బుకింగ్ అప్పుడే రాయాలి: "సెంజా కార్నే, సెంజా పెషే, సెంజా బ్రోదో". మాంసం, చేప, మాంసం ఉడికించిన నీళ్ళు వద్దని. ఆ మూడోది చెప్పకపోతే కూరగాయల సూపులోనూ వచ్చేస్తుంది. పర్మిజానో చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ (పాలు విరగడానికి వేసేది) వాడతారు, పెద్దవాళ్ళకు పట్టింపు ఉంటే అదీ వద్దనండి.

అక్కడ అర్బోరియో బియ్యం కొనకండి, ముద్దవుతుంది. బాస్మతి దొరుకుతుంది. కందిపొడి, ఆవకాయ తీసుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలకోవా, మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు మాత్రం వద్దు, యూరప్ నిబంధనలు ఒప్పుకోవు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. కారు లేకుండా కుదురుతుందా?

జవాబు (పటమట, విజయవాడ)
పొలం ఇంటికి కుదరదు. దుకాణం "4 కిలోమీటర్లే" అంటారు, ఆ దారిలో నడిచేందుకు పక్కన చోటుండదు. ఆరుగురికి ఏడు సీట్ల బండి చాలదు, మూడో వరస ఎత్తితే సూట్‌కేసులు పట్టవు. తొమ్మిది సీట్ల వ్యాన్ తీసుకోండి. నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే రవాణా శాఖ నుంచి తీసుకెళ్ళాలి. 150 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, వ్యాన్‌తో పాటే బుక్ చేయండి.

ఇంటికి ముందు మట్టిరోడ్డు ఎంత దూరమో అడగండి. అద్దె ఇన్సూరెన్సు మామూలుగా టైర్లకూ బండి అడుగుభాగానికీ వర్తించదు. సియెనా పాతబస్తీలోకి బండి పోనివ్వకండి, అక్కడి జెడ్‌టీఎల్ (అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతం) కెమెరాలు నంబరు తీసి జరిమానా ఇంటికి పంపుతాయి. సాంతా కాటెరీనా పార్కింగ్‌లో పెట్టండి, అక్కడి నుంచి పైకి ఎస్కలేటర్లున్నాయి, అమ్మగారికి ఎక్కే బాధ తప్పుతుంది.