నచ్చకపోతే బాగాలేనట్టేనా?

తార్నాక వాసి:
మొన్న ఆదివారం మా అక్క కూతురిని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకా ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న పాలరాతి బొమ్మ అది. ముసుగూ రాయే, దాని చాటున కనిపించే ముఖమూ రాయే. పిల్ల రెండు నిమిషాలు చూసి, "నాకు నచ్చలేదు మామయ్యా" అని నల్లటి లోహంలో వెండి పొదిగిన బిద్రీ హుక్కాల దగ్గరికి వెళ్లిపోయింది. పక్కనున్న పెద్దాయన "నీకింకా తెలియదమ్మా" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కదా. మరి కళకు తీర్పరి ఎవరు?

చిక్కడపల్లి పాఠకురాలు:
పెద్దాయన అలా అనకుండా ఉండవలసింది. కానీ మీరు రెండు ప్రశ్నలను ఒకే గాట కట్టేస్తున్నారు. "నచ్చిందా" అంటే ఆ అమ్మాయి మాటే ఆఖరు. "బాగా చేశారా" అంటే కాదు. ఆమె చూసిన బిద్రీనే తీసుకోండి. జింకులో కొద్దిగా రాగి కలిపిన లోహం మీద గాడి చెక్కి, వెండి తీగను అందులోకి కొట్టి, నున్నగా అరగదీస్తారు. బీదర్ కోట మట్టి కలిపిన ద్రావణంలో వేస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. మా ఇంట్లో నానమ్మ నాటి పాన్‌దాన్ ఉంది. దాని మీద గోరు పెట్టి లాగితే వెండి ఎక్కడ మొదలైందో తెలియదు. పోయినేడు బజారులో కొన్న పెట్టె మీద తీగ అంచు గోరుకు తగులుతుంది, ఒక ఆకు కొస అప్పుడే పైకి లేచింది. అయినా ఆ పెట్టె మీది పువ్వంటేనే నాకు ప్రాణం. మంచి పని మాత్రం పాన్‌దానే.

మెహిదీపట్నం మిత్రుడు:
మీరు చెప్పింది పనితనం గురించి. పొడవాటి గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసే చేర్యాల నకాషీ పటం చూడండి. బొమ్మల వెనక అంతా ఎరుపు, దగ్గర దూరాల తేడా లేని బొమ్మలు. రెబెకాను మెచ్చే కొలతతో చూస్తే అంతా తప్పుల తడకే. అందుకే చదువుకున్నవాళ్లు దాన్ని జానపదమని పక్కన పెట్టారు. నిష్పాక్షికమని మనం అనుకునే తీర్పు చాలాసార్లు పెత్తనం ఉన్నవారి ఇష్టమే.

చిక్కడపల్లి పాఠకురాలు:
నిజమే, ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. కానీ ఆ తీర్పు తప్పని మీరు ఎలా చెప్పగలుగుతున్నారు? ఆ పటం కులపురాణం చెప్పే కథకుడి చేతిలో బొమ్మ వెంట బొమ్మగా విప్పుకుంటుంది. ఊరి జనం దూరంగా కూర్చుని చూడాలి కాబట్టే ఆ ఎరుపు, ఆ గట్టి గీత. దాని పనిని బట్టి కొలిస్తే ఎక్కడా లోటు కనిపించదు. మీరు కొలత మార్చమంటున్నారు, కొలతే వద్దనడం లేదు. అంతా రుచే అయితే చేర్యాలకు అన్యాయం జరిగిందని మనం ఏ ముఖంతో అంటాం?

తార్నాక వాసి:
పిల్లను మళ్లీ తీసుకెళ్తాను. ముసుగు ముక్కు మీదుగా జారే చోటు చూపించి, కాసేపు మాట్లాడకుండా నిలబడతాను. నచ్చలేదంటే సరేనంటాను. బాగాలేదంటే మాత్రం ఎందుకో అడుగుతాను.