షుగరు అదుపులోనే ఉంది, మనిషినే కరిగిపోతున్నాను. బరువు పెరిగేదెలా?

కొత్తసభ్యుడు_52 | సోమవారం రాత్రి 9.10
వయసు 46, ఎత్తు 170 సెంటీమీటర్లు. పది నెలల క్రితం 61 కిలోలు ఉండేవాడిని, ఇప్పుడు 52. మధుమేహం బయటపడి ఏడాదిన్నర అయింది. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.4. రిపోర్టు చూసి డాక్టరుగారు భేష్ అన్నారు. మనిషిని చూసినవాళ్లేమో ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు. బెల్టుకు మూడు కొత్త రంధ్రాలు పొడిచాను. షుగరు పెరగకుండా బరువు పెరిగే దారి ఏదైనా ఉందా?

గాలిపటం | 9.14
నా దగ్గర పది కిలోలు అదనంగా ఉన్నాయి. పంపించమంటారా?

మౌనవ్రతం | 9.20
ఏ మాత్రలు వాడుతున్నారు?

నీలికలువ | 9.52
బరువు పెరగాలంటే తీపి తినాలనుకోకండి. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. అందుకే తినే పరిమాణం పెంచకుండానే బలం పెంచవచ్చు. గుప్పెడు గింజలు, వండినదాని మీద చెంచాడు మంచి నూనె, గుడ్లు, పెరుగు చాలు. రోజుకు 300 నుంచి 500 కేలరీలు అదనంగా పడేలా చూసుకోండి. మూడు పెద్ద భోజనాలను ఐదారు చిన్నవిగా విడదీయండి. వీటన్నిటికంటే ముఖ్యం, బరువులెత్తే వ్యాయామం. అది లేకుండా తింటే పొట్ట పెరుగుతుంది కాని కండ పెరగదు. కండ పెరిగితే రక్తంలోని చక్కెరను పీల్చుకునే చోటూ పెరుగుతుంది. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం మాంసకృత్తులు పెంచేముందు డాక్టరును అడగండి. వ్యాయామం అయ్యాక ఒక అరటిపండు, దానితోపాటు కాసిని వేరుశనగలు తిన్నా తప్పులేదు.

లెక్కలమాస్టారు | 10.15
అరటిపండా? మధుమేహ రోగికి? ఒక మామూలు అరటిపండులో దాదాపు 27 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఈ చర్చను ఇంకెంతమంది చదువుతున్నారో ఆలోచించి రాయండి అమ్మా. నాకు పదకొండేళ్లుగా మధుమేహం. నా హెచ్‌బీఏ1సీ 5.8. ఈ పదకొండేళ్లలో అరటిపండు ముట్టలేదు. సన్నగా ఉండటం మధుమేహానికి వరం. ఆ తమ్ముడు అద్దంలో కాదు, రిపోర్టులో చూసుకోవాలి.

నీలికలువ | 10.31
మాస్టారూ, నేను రాసిన పదకొండు వాక్యాల్లో మీకు అరటిపండు ఒక్కటే కనబడిందా?

లెక్కలమాస్టారు | 10.38
ప్రమాదకరమైన వాక్యం ఏదో అదే కనబడుతుంది. మిగతా పదీ సరైనవే అనుకుందాం. లెక్కలో ఒక్క అడుగు తప్పితే జవాబంతా తప్పే.

తీరిక_దొరికితే | 10.44
ప్రొటీన్ పొడి తాగండి. నాకు పనిచేసింది. (నాకు మధుమేహం లేదు.)

మౌనవ్రతం | 10.50
బరువు ఎలా పెంచాలన్నది తర్వాత. ఎందుకు తగ్గిందో ముందు తేలాలి. ప్రయత్నించకుండానే ఆరు నెలలు, ఏడాదిలో 5 శాతం తగ్గితేనే పరీక్షలు చేయించుకోవాలంటారు. ఈయన దాదాపు 15 శాతం తగ్గారు. ఏ మాత్రలు వాడుతున్నారు?

లెక్కలమాస్టారు | మంగళవారం ఉదయం 6.05
రాత్రంతా ఆలోచించాను. పండిన అరటిపండు, పచ్చిది అని కూడా తేడా ఉంది. పండేకొద్దీ పిండి చక్కెరగా మారుతుంది. నీలికలువగారు ఏది తినమన్నారో చెప్పనేలేదు.

గాలిపటం | 6.40
మాస్టారూ, మీరు రాత్రంతా ఆలోచించింది అరటిపండు గురించా?

నీలికలువ | 8.20
మాస్టారూ, సూటిగా అడుగుతున్నాను. మీ బరువు ఎంత?

లెక్కలమాస్టారు | 8.24
ఇక్కడ నా బరువు అప్రస్తుతం.

నీలికలువ | 8.41
అప్రస్తుతం కాదు. మీ 5.8 ఎలా వచ్చిందో చెప్పకుండా దాన్ని పతకంలా మెడలో వేసుకుని తిరుగుతున్నారు. తిండి మానేస్తే షుగరు ఎవరికైనా తగ్గుతుంది. ఇన్సులిన్ రాకముందు వైద్యం అదే. రోగిని అర్ధాకలితో ఉంచేవారు. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ సూది వేయించుకున్న లియొనార్డ్ థామ్సన్‌కు 14 ఏళ్లు, బరువు సుమారు 29 కిలోలు. ఆ వయసు పిల్లవాడు అలా ఎండిపోవడానికి కారణం అరటిపండ్లు కాదు. వందేళ్లు దాటాక కూడా మీరు మళ్లీ ఆ వైద్యమే చెబుతున్నారు.

లెక్కలమాస్టారు | 9.02
ఇన్సులిన్! ఇంకా రాలేదేమా అని చూస్తున్నాను. ముందు బరువు పెంచమంటారు, బరువు పెరిగాక షుగరు పెరుగుతుంది, అప్పుడు సూది అంటారు. ఆ మెట్లు దిగినవాళ్లను నేను కళ్లారా చూశాను. సూది మొదలుపెట్టిన రెండేళ్లకు మా నాన్నగారి కాలు తీసేశారు. తర్వాత ఆయన ఎన్నాళ్లో లేరు. కడుపు మాడ్చుకుని సూదిని గుమ్మం దాటి రానివ్వకుండా ఆపుతున్నాను. దాన్ని మీరు పతకం అంటున్నారు. మీకేం తెలుసు?

నీలికలువ | 9.30
నాకేం తెలుసో చెబుతాను. మా తమ్ముడికి 31వ ఏట మధుమేహం వచ్చింది. రెండో రకమన్నారు, మాత్రలు ఇచ్చారు. వాడు బరువు తగ్గుతుంటే ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. రెండేళ్లలో 14 కిలోలు తగ్గాడు. ఒకరోజు వాంతులు, ఆయాసంతో అత్యవసర విభాగంలో చేరాడు. ఇన్సులిన్ అందక కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, అంటే కీటోన్లు, ఒంట్లో పేరుకుపోయాయి. గాడ్ యాంటీబాడీ పరీక్ష చేస్తే అప్పుడు తేలింది, వాడి శరీరమే తన క్లోమంలోని ఇన్సులిన్ కణాలను నెమ్మదిగా చంపుకుంటోందని. ఇన్సులిన్ లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు. చక్కెర మూత్రంలో పోతుంది, శరీరం తన కొవ్వును, కండను తానే తింటుంది. సూది మొదలుపెట్టాక పోయిన బరువులో చాలావరకు నెలల్లోనే తిరిగొచ్చింది.
ఆ రెండేళ్లూ వాడికి ఎప్పుడూ ఆకలే. ఒకసారి వాడి చేతిలో అరటిపండు కనబడితే లాక్కుని చెత్తబుట్టలో పడేసింది నేనే. ఇప్పుడు చెప్పండి, పండినదా పచ్చిదా?

నిర్వాహకుడు | 9.48
ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి. ప్రశ్న అడిగిన మనిషి ఎక్కడ?

కొత్తసభ్యుడు_52 | మధ్యాహ్నం 1.15
ఇక్కడే ఉన్నాను. మధ్యలో దూరడానికి భయమేసింది. మాత్రలు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్. రెండోది ఏడాది క్రితం చేర్చారు. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తాను. నిజం చెప్పాలంటే భయంతో తిండి కూడా సగానికి తగ్గించాను.

మౌనవ్రతం | 1.40
ఇది తెలియడానికి ఒక రోజు పట్టింది.
డాపాగ్లిఫ్లోజిన్ పనే చక్కెరను మూత్రంలోకి పంపడం. మూత్రపిండాల పనితీరును బట్టి మారుతుంది కాని సుమారుగా రోజుకు 60 నుంచి 80 గ్రాములు పోతుంది. బరువు ఎక్కువున్నవారికి అది లాభం. మీకు లాభమో నష్టమో మళ్లీ చూడాలి. మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి తగ్గిస్తుంది. కాని మీ అంతట మీరు ఏదీ ఆపకండి. గుండె కోసమో మూత్రపిండాల కోసమో కూడా ఆ మాత్ర ఇచ్చి ఉండవచ్చు. వెంటనే డాక్టరును కలిసి మూడు సంగతులు చెప్పండి. తొమ్మిది కిలోలు తగ్గాను, తగ్గాలని ప్రయత్నించలేదు, తిండి సగం చేశాను. థైరాయిడ్, సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది), యాంటీబాడీలు, క్లోమం, వీటిలో ఏవి చూడాలో వారు నిర్ణయిస్తారు. మలం జిడ్డుగా తేలుతున్నా, కడుపు పైభాగంలో నొప్పి ఉన్నా దాచకండి. ఈలోగా వాంతులు, ఆయాసం వస్తే మీటరులో షుగరు మామూలుగా కనబడినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ఈ మాత్ర వాడేవారిలో షుగరు పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకోవచ్చు.

లెక్కలమాస్టారు | 2.30
60 గ్రాములకు 240 కేలరీలు, 80కి 320. పది నెలలంటే దాదాపు 300 రోజులు. తక్కువ లెక్క వేసినా 72,000 కేలరీలు. కిలో కొవ్వుకు సుమారు 7,700. తొమ్మిది కిలోలు దాటుతోంది! కొంత శరీరం సర్దుకుంటుంది, ఆకలి పెరుగుతుంది కాబట్టి అంతా తగ్గదు. అయినా... దీనికి తోడు తిండి సగం. తమ్ముడూ, నిన్న నేను మీ మాత్రల పేర్లు అడగాల్సింది.

గాలిపటం | 2.33
ఈ తేదీ గుర్తు పెట్టుకోవాలి.

కొత్తసభ్యుడు_52 | సాయంత్రం 7.05
గురువారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. నీలికలువగారూ, అప్పటిదాకా సగం చేసిన తిండిని మామూలుకు తెస్తున్నాను, మీరు చెప్పిన గింజలు, గుడ్లు కలుపుతాను. షుగరు రోజూ రాసుకుంటాను.

నీలికలువ | 7.20
మంచిదండీ. రిపోర్టుతోపాటు పాత బరువులు కూడా తేదీలు వేసి తీసుకెళ్లండి. రిపోర్టు ఒక్కటే చూపిస్తే మళ్లీ భేష్ అంటారు.
మాస్టారూ, మీ నాన్నగారి సంగతి తెలియక పతకం అని ఉండకూడదు. కాని కాలు తీసింది సూది కాదండీ. సూది దాకా ఆగిన ఏళ్లు.

లెక్కలమాస్టారు | రాత్రి 11.50
అది ఒప్పుకోవడానికి నాకు ఇంకొంత వ్యవధి కావాలి.
ఒక సందేహం. సి-పెప్టైడ్ పరీక్షకు పరగడుపున వెళ్లాలా?

నీలికలువ | 11.54
ఎవరికి మాస్టారూ?

లెక్కలమాస్టారు | బుధవారం ఉదయం 5.40
ఎత్తు 168. బరువు 46.

మౌనవ్రతం | 6.10
పరగడుపా, తిన్నాకా అన్నది రాసిచ్చే డాక్టరు చెబుతారు. అదే సమయంలో గ్లూకోజు కూడా కొలవమనండి, లేకపోతే ఆ అంకె ఎక్కువో తక్కువో తేల్చలేరు. మీరు ఏ మాత్రలు వాడుతున్నారు?