ఆదివారం పూట వడ్రంగి గాలం వేసుకుంటే తప్పా?

కాలువగట్టు
అందరికీ నమస్తే. మాది పాలకొల్లు దగ్గర ఒక ఊరు. నాన్న వడ్రంగి, 54 ఏళ్లు. పదిహేనో ఏట బాడిత పట్టాడు, ఇప్పటికీ దించలేదు. మొదట్లో తలుపులు, గుమ్మాలు, మంచాలు, ఈ పదేళ్లుగా ఎక్కువగా ప్లైవుడ్ కబోర్డులు. ఆదివారం కూడా సైటుకు వెళ్లే మనిషి. అలాంటిది నాలుగు నెలల నుంచి ఆదివారం పని మానేసి గాలం పట్టుకుని కాలువగట్టుకు పోతున్నాడు. పొద్దున ఆరింటికి వెళ్తే మధ్యాహ్నం ఒంటిగంటకు రావడం. ఒక్కోసారి రెండు జెల్లలు పడతాయి, ఒక్కోసారి తడిసిన లుంగీ తప్ప ఏమీ ఉండదు. అమ్మకు ఒళ్లు మంట. రోజుకూలి 1,400, నాలుగు ఆదివారాలకు 5,600 నీళ్లలో పోసి వస్తున్నాడని ఫోన్ చేసిన ప్రతిసారీ ఇదే లెక్క. ఇందులో ఇంకో చిత్రం, గాలానికి బెండు (చేప లాగితే తెలియడానికి నీళ్ల మీద తేలే ముక్క) కూడా తనే చెక్కుకుంటాడు. శనివారం రాత్రి అన్నం తిన్నాక బూరుగు ముక్క ఒకటి తీసుకుని సన్న ఉలితో మొదలుపెడితే రెండు గంటలు లేవడు. చెల్లి వీడియో పంపింది. ఆ టైములో ఒక పీట అయిపోయేది కదా అంటుంది అమ్మ.

నా ప్రశ్న ఇది. విశ్రాంతి కోసం అని మొదలుపెట్టి మళ్లీ ఉలే పట్టుకుంటే అది హాబీ అవుతుందా? మీకు తెలిసిన వడ్రంగులు ఖాళీ ఉంటే ఏం చేస్తారు?

రామాలయం_వీధి
మాది కడప వైపు. మా మామ వడ్రంగి, చెక్కభజన గురువు. శ్రీరామనవమికి నెల ముందు నుంచి సాయంత్రం ఐదయ్యాక ఎంత పెద్ద ఇంటి పనైనా వదిలేసి వచ్చేస్తాడు, పిల్లలకు అడుగులు నేర్పాలని. భజన చెక్కలు కూడా ఆయనే చేసి ఇస్తాడు, డబ్బులు తీసుకోడు. మా అత్త కూడా మొదట్లో మీ అమ్మగారిలాగే అనేది. ఇప్పుడు ఆమే ముందు వరసలో నిలబడి చూస్తుంది.

వీకెండ్_వుడ్
మంచి టాపిక్. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మూడేళ్లుగా బాల్కనీలో చెక్కపని చేస్తున్నాను కాబట్టి రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నా. హాబీ అంటే పనికి పూర్తిగా వేరుగా ఉండాలి. నాకు రోజంతా స్క్రీన్, అందుకే చెక్క. మీ నాన్నగారికి రోజంతా చెక్క, కాబట్టి ఆయన చెక్కకు దూరంగా ఉండాలి. ఇది మూడ్ గురించి మాత్రమే కాదు, ఆరోగ్యం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధనా విభాగం చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి గ్రూపులో పెట్టింది. మెషిన్ రంపాలు, ప్లేనర్ల మోత 85 డెసిబెల్స్ ఎప్పుడో దాటుతుంది, చెవికి రక్షణ లేకుండా ఏళ్ల తరబడి వింటే వినికిడి పోతుంది. వారం అంతా అది పీల్చి, అది విని, శనివారం రాత్రి మళ్లీ ఇంట్లో చెక్క పొడి ఎందుకు? గాలం ఓకే, బెండు మాత్రం కొనుక్కోమనండి, పది రూపాయలకు ప్లాస్టిక్‌ది వస్తుంది.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ను చూడండి. పదవి నుంచి దిగుతుంటే సిబ్బంది ఆయనకు వడ్రంగి పనిముట్లు కొనుక్కునే ఏర్పాటు బహుమతిగా చేశారు. కుర్చీలు, మంచాలు సొంతంగా చేశాడు, గాలం వేసేవాడు, బొమ్మలు గీసేవాడు, కవిత్వం రాశాడు. వందేళ్లు బతికాడు. మనిషికి నాలుగు వేరే వేరే వ్యాపకాలు ఉండాలి.

ఉలి_దెబ్బ
కార్టర్ గారు కుర్చీ చేసి వేలం వేస్తే ఆయన సేవాసంస్థకు విరాళాలు వచ్చాయి. నేను కుర్చీ చేస్తే "పాలిష్‌తో కలిపి అదే రేటు కదా" అంటారు. పోలిక అక్కడే ఆపేద్దాం.

కాకినాడ నాది. 28 ఏళ్ల సర్వీసు, పెన్షన్ లేదు 🙂 సార్, మా వీధిలో హాబీ అన్న మాటే ఎవడూ అనడు, సరదా అంటారు. ఒకడికి పావురాల సరదా, ఒకడికి వాలీబాల్, మా బావకు పద్య నాటకాలు. నాకు పెంపుడు రామచిలుక బోను చేయడం ఉండేది, చిలకల్ని పెంచడం నేరం అని తెలిశాక మానేసి పిచ్చుక గూళ్లు చేసి చెట్లకు కడుతున్నా. చెక్కే. అయితే ఏం? సైటులో నేను కొట్టే ప్రతి మేకుకూ వెనక ఒకడు నిలబడి ఉంటాడు. గూడు చేసేటప్పుడు ఉండడు. అదీ తేడా. చెక్క కాదు తేడా.

మెట్ట_మనిషి
బూరుగు బెండా?? నీళ్లు తాగి మునిగిపోతుందండీ. జీలుగు బెండు వాడమనండి. లేదా నెమలీక కాడ.

కాలువగట్టు
@మెట్ట_మనిషి చుట్టూ వార్నిష్ రెండు పూతలు వేస్తాడు అన్నా. మునగట్లేదట.

మెట్ట_మనిషి
ఇప్పుడు మునగదు. నెల పోనివ్వండి.

సరిగమ
మాది విజయనగరం జిల్లా. బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లి మాకు దగ్గరే. పనస చెక్కను ఒకే మొద్దులోంచి తొలిచి చేస్తారు, ఏకాండి వీణ అంటారు. తరాలుగా ఆ పని చేస్తున్న సర్వసిద్ధి వంశం వాళ్ల చేతుల్లో ఉలి ఎంత ఉంటుందో చెవిలో శ్రుతి అంత ఉంటుంది, మెట్లు కుదిర్చేటప్పుడు అది లేకపోతే కుదరదు. చెక్కకు, సంగీతానికి ఉన్న చుట్టరికం అలాంటిది. మీ నాన్నగారికి ఏదైనా వాయిద్యం నేర్పించండి. హార్మోనియం తేలిక.

వీకెండ్_వుడ్
@ఉలి_దెబ్బ మీరు ఎమోషనల్ అవుతున్నారు. "వెనక ఎవడూ ఉండడు" అనేది ఫీలింగ్, ఊపిరితిత్తులకు ఫీలింగ్ తెలియదు. పొడి పొడే. నేనైతే మాస్కు, చెవులకు మఫ్స్ లేకుండా రంపం ముట్టను. మీ సైటులో ఎంతమంది పెట్టుకుంటారు?

ఉలి_దెబ్బ
ఎవరూ పెట్టుకోరు. మే నెలలో, ఫ్యాను కూడా లేని ఫ్లాటులో, తలుపులన్నీ మూసి సన్మైకా అతికించేటప్పుడు (కిటికీ తీస్తే దుమ్ము పడుతుందని ఓనరు తీయనివ్వడు) మాస్కు పెట్టుకుని పది నిమిషాలు నిలబడి చూడండి, అప్పుడు మాట్లాడదాం. పైగా శనివారం రాత్రి బూరుగు ముక్కను చేతి ఉలితో చెక్కితే లేచే పొడి ఎంత సార్? అది పొడి కూడా కాదు, పెచ్చులు. మెషిన్ రంపానికి, చేతి ఉలికి తేడా తెలియని మీరు మూడేళ్లుగా ఏం చేస్తున్నట్టు?

వీకెండ్_వుడ్
తెలియకుండానే ఆరు అడుగుల డైనింగ్ టేబుల్ చేశానా?

మెట్ట_మనిషి
జీలుగు మా చెరువుల్లో దొరుకుతుంది. కావాలంటే పంపిస్తా.

ఉలి_దెబ్బ
టేబుల్ మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నా, మీ మీద కాదు. పోయిన ఏడాది ఒక అపార్ట్‌మెంట్‌లో పనికి ఒప్పుకున్నా. స్టడీ టేబుళ్లు రెండు, షూ ర్యాక్ ఒకటి. అడ్వాన్సు మాట్లాడుకుని టేకు చూడ్డానికి డిపోకి కూడా వెళ్లొచ్చా. మర్నాడు ఫోన్, వద్దులే అని. కింద ఫ్లోరులో ఒకాయన హాబీగా చేస్తాడట, చెక్క ఖర్చు ఇస్తే చాలన్నాడట. సరే. పది రోజులకు మళ్లీ ఫోన్, డ్రాయర్ పట్టేస్తోంది, కాళ్లు ఊగుతున్నాయి, వచ్చి ఒక్క గంట చూసి పో అని. వెళ్లి చూస్తే పచ్చి చెక్క, ఆరకుండానే కోసేశాడు, వంగిపోయింది. మధ్యాహ్నం దాకా పట్టింది సరిచేయడానికి. డబ్బులు అడిగితే "ఆ మాత్రం దానికి కూడానా" అన్నారు. ఆ హాబీ ఆయన పక్కనే నిలబడి నా పని ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. నేర్చుకోవడానికట.

రామాలయం_వీధి
😶

వీకెండ్_వుడ్
ఎవరో చేసిన దానికి నన్నెందుకు బోనులో నిలబెడుతున్నారు? నేను ఎవరికీ ఫ్రీగా చేయలేదు. ఇద్దరు ఫ్రెండ్స్‌కు చేశాను, చెక్క ఖర్చు, పాలిష్ ఖర్చు తీసుకున్నాను. నా ఆదివారం నా ఇష్టం. కష్టపడి ప్రేమతో నేర్చుకున్నవాడిని శత్రువులా చూస్తే ఈ పనికి గౌరవం ఎక్కడినుంచి వస్తుంది? చెక్కపని ఎవరి సొత్తూ కాదు.

ఉలి_దెబ్బ
"చెక్క ఖర్చు తీసుకున్నాను." అదే నేను అన్నది. కూలి సున్నా అని మీరు రాసిచ్చారు, రేపు వాళ్లు నాకు అదే చూపిస్తారు. మీ ఆదివారం మీ ఇష్టం, నిజమే. ఈ కాలువగట్టు తమ్ముడి నాన్న ఆదివారం ఎవరి ఇష్టమో, అది తేలని ప్రశ్న. మీరు చెక్క ముడితే వ్యాపకం, ఆయన చెక్క మానితే నష్టం 5,600. అందరం బెండు గురించి, పొడి గురించి కొట్టుకుంటున్నాం గానీ తమ్ముడు అడిగింది అదేనని నాకు అనిపించట్లేదు.

తమ్ముడూ, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. అమ్మ లెక్క చెబుతోంది సరే. నువ్వేమంటున్నావు? ఆ 5,600 దేనికి కావాలి ఇంట్లో?

కాలువగట్టు
అది మా ఇంటి విషయం. హాబీ గురించి అడిగాను, ఇంటి జమాఖర్చు గురించి కాదు. ప్రతిదాన్నీ డబ్బుకు తిప్పడం మీకు అలవాటైపోయినట్టుంది.

ఉలి_దెబ్బ
డబ్బు లెక్క మొదటి పోస్టులో రాసింది నేను కాదు తమ్ముడూ.

మోడరేటర్
వ్యక్తిగత విషయాల్లోకి వెళ్లొద్దు. ఇంకోసారి హెచ్చరించాల్సి వస్తే ఈ చర్చ మూసేస్తాం.

సరిగమ
హార్మోనియం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కాలువగట్టు
నిన్న దురుసుగా రాశాను, @ఉలి_దెబ్బ అన్నా ఏమీ అనుకోకండి.

నేను డల్లాస్‌లో ఉన్నా. ఎంఎస్ అయి ఏడు నెలలైంది, ఉద్యోగం రాలేదు. లోను నాన్న పేరు మీద, ఇల్లు పెట్టి తీసుకున్నది. కంతు ఆయన కడుతున్నాడు. ఆదివారాలు ఆ కంతు కోసమే వెళ్లేవాడు. ఇప్పుడు వెళ్లట్లేదు. అమ్మ నాతో ఆ 5,600 లెక్క చెప్పినప్పుడల్లా నన్నే అంటున్నట్టు ఉంటుంది. నాకూ లోపల ఎక్కడో, ఈ నెలలు గడిచేదాకా ఆగొచ్చు కదా నాన్నా, అని ఉంది. ఆ మాట ఆయనతో అనలేక ఇక్కడికొచ్చి, హాబీకి అర్థం ఏంటి అని అడిగాను.

@సరిగమ గారూ, హార్మోనియం ఆయనకు వచ్చు. మా చిన్నప్పుడు ఊళ్లో నాటకాలకు వాయించేవాడు. ఇప్పుడు శ్రుతి తేలట్లేదంటాడు. ప్లేనర్ పక్కన ఉన్న చెవి, ఎడమది, సగం పోయింది. టీవీ ఎంత పెడతాడో పక్కింటివాళ్లను అడగాలి. పెట్టె బట్టలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

సరిగమ
తెలియక అన్నాను బాబూ.

వీకెండ్_వుడ్
సారీ బ్రో. నేను డెసిబెల్స్ గురించి క్లాసు పీకాను.

@ఉలి_దెబ్బ పచ్చి చెక్క సంగతి నిజమే. నా డైనింగ్ టేబుల్ కూడా ఒక వైపు వంగింది. ఫొటోలో అటువైపు కనపడకుండా పెట్టాను.

ఉలి_దెబ్బ
😀 ఎంత వంగింది? ఫొటో పెట్టండి, కింద అడ్డపట్టీ వేస్తే కొంత లాగొచ్చు. రేటు మాత్రం ముందే చెబుతా.

తమ్ముడూ, నా మాట కచ్చితం అనుకోకు. కానీ 54 ఏళ్లకు, కంతు నెత్తి మీద ఉండగా, ఆదివారం మానేశాడంటే చేతకాక మానేసి ఉంటాడు, సరదాకి కాదు. మాకు ఒంట్లో బాగాలేదని చెప్పడం రాదు. చేపల కోసం వెళ్తున్నా అంటాం. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయేమో అడుగు. రూటర్, గ్రైండర్ పట్టేవాళ్లకు వస్తుంది అది, నాకు చలికాలం పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టం.

కాలువగట్టు
అడిగాను.

నిన్న మీకు ఆదివారం పొద్దున్న ఆరున్నర, నాకు శనివారం రాత్రి ఎనిమిది. నాన్న గట్టు మీద ఉండగానే వీడియో కాల్ చేశా. కుడిచేతి రెండు వేళ్లు మొద్దుబారాయట, ఆరు నెలలైందట, అమ్మకు చెప్పలేదట. "ఉలి పడుతున్నావు కదా రాత్రిళ్లు" అన్నాను. "అది పట్టు ఉందో లేదో చూసుకోడానికి రా" అన్నాడు.

తర్వాత ఫోన్‌ను ఒక రాయికి ఆనించి కెమెరా నీళ్ల వైపు తిప్పాడు. బెండు కనిపిస్తోంది, పైన కొసకు ఎర్ర రంగు పూశాడు, కింద సన్నగా. ఇద్దరం మాట్లాడుకోలేదు. నలభై నిమిషాలు. ఆయన చెవికి ఫోన్‌లో నా మాట ఎలాగూ సరిగ్గా వినపడదు, బెండు చూడ్డానికి చెవులు అక్కర్లేదు. ఒకసారి కొద్దిగా లాగింది, నేను ఇక్కడ గదిలో "నాన్నా నాన్నా" అని అరిచా, ఆయనకు వినపడలేదు, కానీ అప్పటికే కర్ర ఎత్తేశాడు. ఒక మట్టగిడస. అరచేతి పొడవు కూడా లేదు. వదిలేశాడు.

డాక్టర్‌కు చూపించమని చెల్లికి చెప్పా. కంతు సంగతి అమ్మతో నేనే మాట్లాడతా. ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు. అమ్మ మాత్రం ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు చచ్చినట్టు ఇంట్లో ఉంటాడని ధీమాగా ఉంది.

రామాలయం_వీధి
కాలువ కట్టేశాక భజనకు పంపండి. చెవి సంగతి ఏం కాదు, చెక్కభజన అడుగుకు తగ్గట్టు సాగుతుంది.

మెట్ట_మనిషి
కాలువ కట్టేస్తే చెరువులు లేవా. బెండు ఎర్ర రంగు మంచి పని, ఎండలో కనపడుతుంది. ఇంతకీ నీళ్లు తాగిందా లేదా?

కాలువగట్టు
లేదన్నా. నాలుగు నెలలు.

మెట్ట_మనిషి
వార్నిష్ ఏ కంపెనీదో కనుక్కోండి.