ఒకే బెజవాడలో రేట్లు ఇంత తేడాగా ఎందుకున్నాయి?

ప్రశ్న (సత్యనారాయణపురం):
అమ్మానాన్నల కోసం డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూస్తున్నామండి. పోరంకిలో కొత్తది ఒకటి, సింగ్ నగర్‌లో కాస్త పాతది ఒకటి నచ్చాయి. సింగ్ నగర్‌ది చాలా తక్కువకే వస్తోంది, కానీ ధైర్యం చాలడం లేదు. ఈ తేడా ఇలాగే ఉండిపోతుందా?

జవాబు (పటమట):
ఊరంతా ఒకే మార్కెట్ అనుకోకండి. 2014లో రాజధాని ఇటే అన్నాక అద్దెలు ఎగబాకాయి, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చేసరికి కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది కదా, ఆ భయమే మీకు చెప్పిన రేటులో కనిపిస్తోంది.

జవాబు (కృష్ణలంక):
భయం ఎప్పటికీ ఉండదండి. మా దగ్గర వరద అంటే చాలు సామాన్లు సర్దుకునేవాళ్లు. కృష్ణా నది ఒడ్డున రిటైనింగ్ వాల్ (వరదను ఆపే గోడ) కట్టాక, 2024లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినా చాలావరకు గోడే కాపాడింది. ఇప్పుడు ఇక్కడ ఇల్లు కావాలని అడిగేవాళ్లున్నారు. బుడమేరు గట్ల పనులు ఎంతవరకు వచ్చాయో స్వయంగా వెళ్లి చూడండి.

జవాబు (కానూరు):
పోరంకి బాగానే ఉంటుంది, కానీ సాయంత్రం బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం నిజంగా టెన్షనే. సింగ్ నగర్ అయితే గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటివాళ్లను అడగండి, కుదిరితే ముందు ఒక వానాకాలం అద్దెకు ఉండి చూడండి.